ఐదువందలు ఇచ్చి మూడు రోజులైంది: అవినీతి మీద విద్యార్థుల కోపం ఎక్కడ ఆగిపోతుంది?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నేను ఎం.ఏ. రెండో ఏడాది. 'అవినీతిపై యూనివర్సిటీ విద్యార్థుల వైఖరి' అని ప్రాజెక్టు రిపోర్టు రాస్తున్నాను. నలభై మందికి ప్రశ్నావళి ఇస్తే నలభై మందీ అవినీతికి వ్యతిరేకమనే రాశారు. మూడు రోజుల క్రితం నా డిగ్రీ ఓడీ (ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్) కోసం పరీక్షల విభాగానికి వెళ్తే 500 అడిగారు. ఉద్యోగానికి సర్టిఫికెట్ వెరిఫికేషన్ దగ్గర పడింది, ఇచ్చేశాను. ఓడీ చేతికొచ్చింది. నా ఫ్రెండ్స్‌లో కొందరు ఇచ్చారు, ఒకమ్మాయిని వచ్చే వారం రమ్మన్నారు. మరి మేమంతా ప్రశ్నావళిలో అబద్ధం రాసినట్టా? విద్యార్థులు నిజంగా పోరాడగలరా సార్?"

అమ్మా, ముప్పై ఏళ్లు పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ పాఠం చెప్పినవాణ్ని. 'నువ్వు' అనే రాస్తాను, ఏమీ అనుకోకు. రిపోర్టు సంగతి తర్వాత చూద్దాం, ముందు తొందర ఉన్న విషయం చెబుతాను.

నువ్వు డబ్బిచ్చి మూడు రోజులైంది. నీ చేతిలో ఇంకా నాలుగు రోజులున్నాయి. అవినీతి నిరోధక చట్టం 1988 నాటిది. దాన్ని 2018లో సవరించారు, ఆ ఏడాది జూలై 26 నుంచి సవరణ అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి సెక్షన్ 8 కింద లంచం ఇవ్వడం కూడా సొంతంగా ఒక నేరం, ఏడేళ్ల దాకా జైలు పడొచ్చు. అయితే ఒక మినహాయింపు పెట్టారు. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చినవాళ్లు, ఇచ్చిన రోజు నుంచి ఏడు రోజుల్లోగా పోలీసులకో దర్యాప్తు సంస్థకో ఆ విషయం తెలియజేస్తే ఆ సెక్షన్ వాళ్లకి వర్తించదు. ఇంకొకటి, ఇవ్వకముందే అధికారులకి చెప్పి, వాళ్ల సహకారంతో ఇస్తే అసలు నేరమే కాదు. ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ వాళ్లు ట్రాప్ అనేది ఇదే.

ఇది చదివి టెన్షన్ పడకు. ఐదువందలకి నిన్ను వెతుక్కుంటూ ఎవరూ రారు. కానీ ఈ ఏడు రోజుల సంగతి తెలిసిన విద్యార్థిని నా సర్వీసులో నేను చూడలేదు. లంచం తీసుకునేవాడి మీద మనకి బోలెడన్ని ఉపన్యాసాలు తెలుసు, ఇచ్చేవాడికి చట్టం వదిలిన ఈ చిన్న తలుపు సంగతి ఎవరూ చెప్పరు. అందుకే మొదట ఇది రాశాను. ఎలా వాడుకోవాలో చివర్లో చెబుతాను.

ఇప్పుడు నీ నలభై మంది. వాళ్లు అబద్ధం రాయలేదు. "అవినీతికి మీరు వ్యతిరేకమా" అని అడిగితే దేవుడికి దండం పెడతారా అని అడిగినట్టే. అవునని రాయడానికి ఎవరికీ ఏమీ ఖర్చవదు. అసలు తేడా ఏది అవినీతి అనే దగ్గరే మొదలవుతుంది.

ఒక ఏడాది నేను బోర్డు మీద వరసగా కొన్ని పనులు రాశాను. మంత్రి కాంట్రాక్టర్ దగ్గర కమీషన్ తీసుకోవడం. పట్టాదారు పాస్‌బుక్ కోసం రెవెన్యూ ఆఫీసులో డబ్బు అడగడం. స్కాలర్‌షిప్ కోసం ఆదాయ ధ్రువపత్రంలో ఇంటి సంపాదన తగ్గించి రాయించడం. డబ్బిచ్చి రికార్డు రాయించడం. వైవాకి బయటి కాలేజీ నుంచి వచ్చే ఎగ్జామినర్, అదే ఎక్స్‌టర్నల్ కోసం తలా ఇంత వేసుకోవడం. రాని పక్కవాడి హాజరు తను పలికి ప్రాక్సీ చెప్పడం. వీటిలో ఏది అవినీతో చేతులెత్తమన్నాను. మొదటి రెండింటికీ క్లాసంతా చేతులెత్తింది. మూడోదానికి కొన్ని చేతులు భుజం దాకా వచ్చి ఆగిపోయాయి. ప్రాక్సీ దగ్గరికి వచ్చేసరికి నవ్వులు.

ఆదాయ ధ్రువపత్రం దగ్గర ఒక కుర్రాడు లేచాడు. "సార్, మా నాన్న ఆటో నడుపుతాడు. ఏ నెల ఎంతొస్తుందో ఆయనకే తెలీదు. కాగితం మీద ఏదో ఒక అంకె వెయ్యాలి కదా, పనికొచ్చే అంకె వేయించుకున్నాం. ఇదీ మంత్రి గారి కమీషనూ ఒకటేనా?" ఒకటి కాదని చెప్పాను. కానీ అదే వరసలో ఇద్దరు ఉద్యోగుల పిల్లలు కూడా అలాంటి కాగితాలే పెట్టారని నాకు తెలుసు. వాళ్లు మాత్రం లేవలేదు. ఆ రోజు క్లాసులో నిజాయితీగా మాట్లాడింది ఆ ఒక్కడే. నీ రిపోర్టులో ఇలాంటివాళ్ల మాట రాకపోతే ఎన్ని శాతాలు వేసినా లాభం లేదు.

'మామూలు' అనే మాట చూడు. అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా మనకొచ్చింది. ఎప్పుడూ జరిగేది, అలవాటైనది అని దాని అర్థం. లంచానికి మనం పెట్టుకున్న పేరే 'అలవాటు' అన్నమాట. 'లంచం ఇచ్చాను' అని ఏ విద్యార్థీ అనడు. 'ఖర్చులకిచ్చాను', 'టీలకిచ్చాను', 'అక్కడ మామూలే' అంటాడు. ప్రశ్నావళిలో నువ్వు 'లంచం', 'అవినీతి' అని రాస్తే, వాళ్ల బుర్రలో వెలిగేది టీవీలో చూసిన కుంభకోణం. మొన్న కిటికీలోంచి ఇచ్చిన ఐదువందల నోటు వాళ్లకి గుర్తుకే రాదు.

ఇంజినీరింగ్ కాలేజీలో కొన్నాళ్లు గెస్ట్‌గా ఎథిక్స్ పేపర్ చెప్పాను. అక్కడ 75 శాతం హాజరుండాలి. 65కి తగ్గకపోతే అనారోగ్యం కారణం చూపి, కండోనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చు. దాంతో ప్రతి సెమిస్టర్ చివర్లో ఆ ఊళ్లో టైఫాయిడ్ సీజన్ మొదలయ్యేది! సర్టిఫికెట్లన్నీ దాదాపు ఒకే క్లినిక్‌వి, ఒకే చేతిరాత. 2011 ఆగస్టులో అన్నా హజారే అవినీతికి వ్యతిరేకంగా ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నిరాహారదీక్షలో ఉన్నప్పుడు మా పిల్లలు కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగారు. నేనూ వాళ్లతో నడిచాను. ఆ కొవ్వొత్తులు పట్టుకున్న చేతుల్లోనే నవంబర్‌లో టైఫాయిడ్ సర్టిఫికెట్లు చూశాను. అది చూసి వాళ్లని దొంగలనుకోలేదు. ఊరేగింపు రోజు వాళ్ల కోపం నిజమైనదే. హాజరు చాలక డీటెయిన్ అయి పరీక్ష రాయలేమన్న భయం కూడా అంతే నిజమైనది.

దీని మీద బయట జరిగిన పని కొంత నీకు ఉపయోగపడుతుంది. రేమా హన్నా, షింగ్-యీ వాంగ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు బెంగళూరులో 669 మంది కాలేజీ విద్యార్థులతో ఒక ఆట ఆడించారు. ఒక్కొక్కరూ పాచిక 42 సార్లు వేసి ఎంత పడిందో తామే రాసుకోవాలి, ఎక్కువ పడితే ఎక్కువ డబ్బు. పక్కన చూసేవాళ్లు ఎవరూ ఉండరు. ఒక మనిషి అబద్ధం రాశాడో లేదో తెలీదు కానీ, 42 సార్లలో మామూలుగా ఎంత రావాలో లెక్క ఉంటుంది. మూడో వంతుకి పైగా విద్యార్థులు, నిజంగా వేస్తే నూటికి ఒక్కరికి కూడా రానంత మొత్తాలు రాశారు. అలా పెంచి రాసినవాళ్లలో ప్రభుత్వోద్యోగం కావాలనుకునేవాళ్లు కాస్త ఎక్కువగా ఉన్నారని కూడా తేలింది. ఈ రెండో ముక్కనే పట్టుకుని కొందరు 'సర్కారీ ఉద్యోగం కోరేవాళ్లంతా దొంగలు' అని రాసేశారు. నువ్వు ఆ పని చెయ్యకు. ఆ తేడా పదిలో ఒక వంతు కూడా లేదు. పైగా డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ విద్యార్థులతో ఇలాంటి పాచికల ఆటే ఆడిస్తే ఫలితం తిరగబడింది. అక్కడ నిజాయితీగా రాసినవాళ్లే ప్రభుత్వోద్యోగం వైపు మొగ్గారు. ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ 2024 అవినీతి సూచీలో (ఎక్కువ మార్కులంటే తక్కువ అవినీతి) 90 మార్కులతో మొదటి స్థానంలో ఉన్నది ఆ దేశమే. మనకి 38, 180 దేశాల్లో 96వ స్థానం. నాకు అర్థమైనంత వరకు ఇందులో రక్తం గొడవ ఏమీ లేదు. ఏ కుర్చీలో ఏం దొరుకుతుందో పిల్లలు ముందే చూసుకుంటున్నారు, అంతే.

ఆక్స్‌ఫర్డ్‌లో చదివే వివిధ దేశాల విద్యార్థులతో అబిగైల్ బార్, డనీలా సెర్రా ఇంకో ఆట ఆడించారు. అది లంచం ఇచ్చిపుచ్చుకునే ఆట. డిగ్రీ స్థాయి విద్యార్థుల్లో ఎవరు లంచానికి దిగుతారో వాళ్ల దేశంలో ఉన్న అవినీతిని బట్టి కొంత ఊహించగలిగారు. పీజీ విద్యార్థుల్లో ఆ లెక్క పనిచెయ్యలేదు. బ్రిటన్‌లో ఎక్కువ కాలం ఉన్నవాళ్లలో లంచం ఇచ్చే ధోరణి తగ్గింది కూడా. మనవాళ్ల సంగతే తీసుకో. ఇక్కడ హెల్మెట్ లేక ఆగితే వందో రెండొందలో చేతిలో పెట్టి వెళ్లిపోయే అబ్బాయి, డాలస్‌లో స్పీడింగ్ టికెట్ వస్తే నోరెత్తకుండా ఆన్‌లైన్‌లో కడతాడు. మనిషి మారలేదు, కిటికీ మారింది. అయితే అదే అబ్బాయి వీసా ఇంటర్వ్యూకి ముందు కన్సల్టెన్సీ వాళ్లు అప్పుగా చూపించిన బ్యాంకు బ్యాలెన్స్‌తో వెళ్లి ఉండొచ్చు, అది వేరే సంగతి.

నేను ఇన్నేళ్లలో నేర్చుకున్నది ఒక్కటే. విద్యార్థి లంచం ఇస్తాడా, ఎదురు తిరుగుతాడా అన్నది అతని అభిప్రాయాన్ని బట్టి ఉండదు. 'ఇవ్వను' అంటే ఎంత పోతుంది, ఆ నష్టం ఒక్కడిదా పదిమందిదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. నీ సంగతే చూడు. కిటికీ అవతల ఉన్నాయనకి తొందర లేదు. నీకు వెరిఫికేషన్ తేదీ ఉంది. ఆయన 'లేదు' అనడు, అంటే చిక్కు వస్తుంది. 'సెక్షన్ సూపరింటెండెంట్ లీవులో ఉన్నారు, వచ్చే వారం రండి' అంటాడు. ఆ వచ్చే వారం ఖరీదే ఐదువందలు. తొందర ఎవరిదైతే డబ్బు వాళ్లది. విద్యార్థికి ఎప్పుడూ ఏదో ఒక ఆఖరి తేదీ మెడ మీద ఉంటుంది. ఆ కిటికీతో మళ్లీ జన్మలో పని పడదు కాబట్టి గొడవ పెట్టుకోవడం దండగనిపిస్తుంది. ఈ రెండూ ఆ కుర్చీకి బాగా తెలుసు.

విద్యార్థులు నిజంగా పోరాడతారా అన్నావు. పోరాడిన సందర్భాలు చూస్తే అక్కడా ఇదే కనిపిస్తుంది. 1973 డిసెంబర్‌లో అహ్మదాబాద్ ఎల్.డి. ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్ పిల్లలు రోడ్డెక్కింది సిద్ధాంతం కోసం కాదు, మెస్ బిల్లు పెరిగిందని. నష్టం అందరికీ ఒకేసారి, ఒకే మొత్తంలో, ఒకే పళ్లెంలో కనిపించింది. అది ఊళ్లోని ధరల కోపంతో, ప్రభుత్వం మీద అవినీతి ఆరోపణలతో కలిసి నవనిర్మాణ్ ఉద్యమమైంది. 1974 ఫిబ్రవరి 9న ముఖ్యమంత్రి చిమన్‌భాయ్ పటేల్ రాజీనామా చేశారు. ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని విద్యార్థులు దించేశారు. అదే చిమన్‌భాయ్ పటేల్ 1990లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారన్నది కూడా నీ రిపోర్టులో రాయాలి.

గుజరాత్ తర్వాత బీహార్. 1974 మార్చిలో అక్కడి విద్యార్థులు కదిలారు, వాళ్లకి జయప్రకాశ్ నారాయణ్ నాయకత్వం వహించారు. నాకు ఆ కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించేది పట్నా యూనివర్సిటీ విద్యార్థి సంఘం. 1973లో ఎన్నికైన ఆ సంఘానికి అధ్యక్షుడు లాలూ ప్రసాద్, ప్రధాన కార్యదర్శి సుశీల్ కుమార్ మోదీ. ఇద్దరూ అదే ఉద్యమంలో పైకొచ్చారు. తర్వాత పశుగ్రాసం కుంభకోణంలో 2013లో కోర్టు దోషిగా తేల్చినవాళ్లలో మొదటాయన ఉన్నారు. ఆ కుంభకోణం మీద పట్నా హైకోర్టుకి వెళ్లిన పిటిషనర్లలో రెండో ఆయన ఉన్నారు. ఒకే సంఘం, ఒకే ఊరేగింపు, ఒకే నినాదం. ఇరవయ్యేళ్లలో కోర్టులో ఎదురెదురు పక్షాలు. విద్యార్థి దశలో ఇచ్చిన నినాదం చూసి మనిషి తర్వాత ఏం చేస్తాడో చెప్పలేం అనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

2011 అన్నా హజారే ఉద్యమం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆ ఊపుకి పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ల అవినీతిని విచారించే లోక్‌పాల్ చట్టం 2013లో వచ్చింది, 2014 జనవరి నుంచి అమలన్నారు, మొదటి లోక్‌పాల్ నియామకం 2019 మార్చిలో జరిగింది. అప్పుడు నియమితులైన జస్టిస్ పినాకీ చంద్ర ఘోష్ అంతకుముందు మన ఉమ్మడి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసినవారే. కొవ్వొత్తులు పట్టుకున్న మా పిల్లలు అప్పటికి ఉద్యోగాల్లో కుదురుకుని పెళ్లిళ్లు కూడా చేసుకున్నారు.

మరి కాలేజీల్లో ఇప్పుడు మనం చేస్తున్నదేమిటి? ఏటా అక్టోబర్ 31 పటేల్ జయంతి వచ్చే వారంలో విజిలెన్స్ అవేర్‌నెస్ వీక్. వ్యాసరచన, ప్రతిజ్ఞ. కేంద్ర విజిలెన్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ ప్రతిజ్ఞ చేస్తే ఒక సర్టిఫికెట్ కూడా వస్తుంది. దాన్ని రెజ్యూమెలో పెట్టుకున్న పిల్లల్ని చూశాను. లంచం ఇవ్వను, తీసుకోను అన్నందుకు కూడా ఒక కాగితం చేతికొచ్చేదాకా ఆగని అలవాటు మనది. ప్రతిజ్ఞ తప్పని అనను. కానీ నీ 40 మందికీ ఉన్నది అభిప్రాయం లేకపోవడం అనే జబ్బు కాదు కదా, మళ్లీ అభిప్రాయాన్నే మందుగా ఎందుకు పోస్తాం?

పనిచేసినది ఒకటి చెబుతాను, అదీ పూర్తిగా పనిచేయలేదు. మా దగ్గర ఒక బ్యాచ్‌లో ప్రాక్టికల్స్‌కి ఎక్స్‌టర్నల్ వస్తున్నారని సీఆర్ (క్లాసు ప్రతినిధి) లిస్టు పట్టుకుని తిరిగాడు. భోజనానికి, గిఫ్టుకి తలా 300. ఇచ్చినవాళ్ల పేరు పక్కన టిక్. ఆ టిక్కే అసలు ఆయుధం, ఇవ్వనివాళ్లు ఎవరో ఆ కాగితమే చెబుతుంది. స్కాలర్‌షిప్ రాక మెస్‌కే అప్పున్న ఇద్దరమ్మాయిలు నా దగ్గరకొచ్చి ఏడ్చారు. ఎక్స్‌టర్నల్‌కి ప్రయాణ ఖర్చులు, రెమ్యునరేషన్ యూనివర్సిటీయే ఇస్తుందని వాళ్లకి తెలీదు. ఆ మాట చెప్పాను. వాళ్లే క్లాసు మొత్తంతో మాట్లాడి ఒక ఉత్తరం రాశారు. అందులో ఎవరి మీదా ఆరోపణ లేదు. 'ఎక్స్‌టర్నల్ గారి భోజన వసతి డిపార్ట్‌మెంట్ చూసుకోవాలని మనవి, విద్యార్థుల నుంచి వసూలు చేయవద్దని సీఆర్‌కి చెప్పగలరు' అని రెండు వాక్యాలు. సంతకాలు ఒకదాని కింద ఒకటి కాకుండా గుండ్రంగా పెట్టారు, మొదటి పేరు ఎవరిదో తెలియకుండా. క్లాసులో ఎక్కువమంది పెట్టారు. సీఆర్ కూడా పెట్టాడు, పాపం వాడికీ ఆ పని ఇష్టం లేదు.

ఆ ఏడాది వసూలు ఆగింది. ఎక్స్‌టర్నల్ వచ్చారు, క్యాంటీన్‌లో భోంచేశారు, వెళ్లారు. మార్కులు తగ్గాయా? కొందరు తగ్గాయన్నారు, కొందరు లేదన్నారు. తర్వాతి బ్యాచ్ మళ్లీ వసూలు చేసింది. ఎందుకు చేశారంటే ఆ ఉత్తరం సంగతి వాళ్లకెవరూ చెప్పలేదు. సీనియర్లు జూనియర్లకి నోట్సు ఇస్తారు, ఇంపార్టెంట్ క్వశ్చన్లు ఇస్తారు. ఇలాంటి కాగితం మాత్రం ఇవ్వరు.

ప్రైవేటు కాలేజీల పిల్లలు "మాది గవర్నమెంట్ కాదు కదా, ఏసీబీ వస్తుందా" అని అడుగుతుంటారు. చట్టంలో 'ప్రజా సేవకుడు' అన్న నిర్వచనం చాలామంది అనుకునే దానికంటే వెడల్పు. ఏ యూనివర్సిటీ ఉద్యోగి అయినా, పరీక్షల నిర్వహణ కోసం యూనివర్సిటీ ఎవరి సేవలు తీసుకున్నా వాళ్లూ అందులోకి వస్తారు. అంటే ప్రైవేటు కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ కూడా ఆ పూట ప్రజా సేవకుడే. గుజరాత్‌లో ఒక డీమ్డ్ యూనివర్సిటీ ఎంబీబీఎస్ విద్యార్థిని పరీక్షకి అనుమతించడానికి 20 లక్షలు అడిగారన్న కేసులో, డీమ్డ్ యూనివర్సిటీకి ఈ చట్టం వర్తించదన్న వాదన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020 ఏప్రిల్‌లో మన జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం వర్తిస్తుందని తేల్చింది. ఆ కేసు బయటికి రావడానికి కారణం ఆ విద్యార్థిని తండ్రి ఫిర్యాదు. ఈ తీర్పు గురించి మన ప్రైవేటు మెడికల్, ఇంజినీరింగ్ కాలేజీల నోటీసు బోర్డుల మీద ఎందుకు కనపడదో నీకే తెలుసు.

భయం సంగతి దాచను. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన సత్యేంద్ర దూబే అనే ఇంజినీరు రహదారి పనుల్లో అక్రమాల గురించి ప్రధాని కార్యాలయానికి రాశాడు. తన పేరు బయటపెట్టవద్దని కోరాడు, అయినా పేరు బయటికి పొక్కింది. 2003 నవంబర్‌లో గయలో చంపేశారు. ఆ తర్వాత ఫిర్యాదుదారుల రక్షణకి 2014లో చట్టం చేశారు గానీ దాన్ని అమల్లోకి తేలేదు. ఐదువందల కిటికీకీ దానికీ పోలిక లేదు, నిజమే. అయినా ఒంటరిగా వెళ్లొద్దని చెప్పడానికి ఇది చాలు. హీరో అవమని నీకు చెప్పను. ఏ టీచరైనా నిన్ను ముందుకు తోసి తను వెనక ఉంటే ఆయన మాట వినకు.

రిపోర్టు విషయానికొస్తే, నీ ప్రశ్నావళి పారేయకు, దానికి ఇంకొకటి జత చెయ్యి. పేరు రాయకపోయినా సొంత తప్పు ఎవరూ ఒప్పుకోరు. దానికో నాణెం పద్ధతి ఉంది. 1965లో స్టాన్లీ వార్నర్ అనే పరిశోధకుడు మొదలుపెట్టిన ఆలోచన నుంచి వచ్చింది. ప్రతి ఒక్కరూ చాటుగా నాణెం ఎగరెయ్యాలి. బొమ్మ పడితే ఏదేమైనా 'అవును' అని రాయాలి. బొరుసు పడితే 'గత ఏడాదిలో ఏదైనా సర్టిఫికెట్ కోసం రసీదు లేకుండా డబ్బిచ్చారా' అన్నదానికి నిజం రాయాలి. ఎవరి 'అవును' నాణెందో ఎవరిది నిజమో నీకు కూడా తెలీదు, కాబట్టి వాళ్లకి భయం ఉండదు. ఉదాహరణకి 200 మందిలో 140 'అవును'లు వచ్చాయనుకో. సుమారు 100 నాణెం వల్ల వచ్చినవి. మిగతా 100 మందిలో 40 మంది నిజంగా ఇచ్చినట్టు, అంటే 40 శాతం. నలభై మందితో ఇది కుదరదు, నాణెం ఆటుపోట్లే ఎక్కువైపోతాయి. నాలుగైదు డిపార్ట్‌మెంట్లు తిరుగు. ప్రశ్నలో 'లంచం' అనే మాట రానివ్వకు. 'రసీదు లేకుండా' అని అడుగు. రసీదు ఇచ్చారా లేదా అన్నది అందరికీ గుర్తుంటుంది.

ఇంకో ప్రశ్న కూడా పెట్టు: 'అప్పుడు మీకు ఆఖరి తేదీ ఎన్ని రోజుల్లో ఉంది?' నా అనుమానం నిజమైతే, తేదీ దగ్గరపడ్డవాళ్లు ఎక్కువగా ఇచ్చి ఉంటారు, అభిప్రాయం ఏదైనా సరే. తప్పని తేలితే నాకు రాయి, నేను దిద్దుకుంటాను.

ఇప్పుడు కిటికీ. నువ్వు ఇచ్చేసిన డబ్బు మీద ట్రాప్ వెయ్యలేరు. కానీ నీ ఫ్రెండ్ ఇంకా ఇవ్వలేదు, వచ్చే వారం రమ్మన్నారు. ఆమెకి రెండు దారులున్నాయి. ఒకటి సమాచార హక్కు. ఈ రోజే పది రూపాయల ఫీజుతో యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టమను. నా ఓడీ దరఖాస్తు నంబరు ఫలానా, అది ఏ తేదీన ఏ సీటు దగ్గరికి వెళ్లింది, ఒక్కో సీటు దగ్గర ఎన్ని రోజులుంది, ఓడీ ఇవ్వడానికి మీ నిబంధనల్లో గడువెంత, ఆ గడువు దాటితే బాధ్యులెవరు. అంతే, ఐదో ప్రశ్న వద్దు. ఎందుకు అడుగుతున్నావో చెప్పక్కర్లేదు. జవాబుకి 30 రోజుల గడువుంటుంది. ఆలస్యం చేస్తే ఆ అధికారికి రోజుకి 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు. చాలాసార్లు జవాబు రాకముందే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. నేను చూసినవాటిలో సగానికి పైగా అలాగే జరిగాయి, ఎందుకంటే ఆ కాగితంతో తొందర అవతలి కుర్చీకి మారుతుంది. ఆమెకి నెల రోజుల వ్యవధి లేకపోతే మాత్రం ఈ దారి సరిపోదు.

రెండోది ఏసీబీ. తెలంగాణలో 1064కి ఫోన్ చెయ్యొచ్చు, ఖర్చుండదు. ఆంధ్రలో అయితే జిల్లా ఏసీబీ ఆఫీసుకి నేరుగా వెళ్లడం మంచిది. వాళ్లు ముందు ఫిర్యాదు నిజమో కాదో చూస్తారు. నిజమనిపిస్తే ఆమె తెచ్చిన నోట్లకే ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. తీసుకున్నాయన చేతులు సోడియం కార్బొనేట్ నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. ఆ డబ్బు తర్వాత ఆమెకి తిరిగిస్తారు. కానీ రంగు ఒక్కటే చాలదు, ఆయన 'అడిగాడు' అన్నది రుజువు కావాలి. 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఇదే చెప్పింది. ఫిర్యాదుదారు చనిపోయినా, మాట మార్చినా పరిస్థితుల సాక్ష్యంతో రుజువు చెయ్యొచ్చు గానీ, అడగడం మాత్రం రుజువు కావాల్సిందే అంది. అందుకని ఆయన ఏ రోజు, ఏ కిటికీ దగ్గర, ఏ మాటతో అడిగాడో ఈ రాత్రే రాసి పెట్టుకోమను. ఫోన్‌లో ఏదైనా రికార్డయి ఉంటే దాన్ని వాట్సాప్ గ్రూపులో పడేయొద్దు, అవతలివాళ్లు జాగ్రత్తపడతారు. కేసంటే కోర్టుకి రావాల్సి ఉంటుంది, ఏళ్లు పట్టొచ్చు. ఈ మాట ఆమెకి ముందే చెప్పు. ఒప్పుకోకపోతే బలవంతం చెయ్యకు.

నీ సంగతికి వస్తే, నీ ఏడు రోజుల గడువు కోసం ఏసీబీకి లిఖితపూర్వకంగా ఒక ఫిర్యాదు ఇవ్వు. ఫలానా తేదీన, ఫలానా చోట, ఇంత అడిగారు, గత్యంతరం లేక ఇచ్చాను. నీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకోవడం మర్చిపోకు. వెళ్లేటప్పుడు మీ నాన్ననో అన్నయ్యనో వెంట తీసుకెళ్లు. ఆ ముందు రోజు రాత్రి డ్రాఫ్టు ఇక్కడ పెట్టకుండా నాకు విడిగా పంపించు. పిల్లలు రాసే ఫిర్యాదుల్లో మొదటి పేజీ అంతా దేశ పరిస్థితి ఉంటుంది, ఐదువందల సంగతి మూడో పేజీలో వస్తుంది. నీది ఒక్క పేజీకి కుదించి పంపిస్తాను.